సమన్వయ కేంద్రానికి రెండు తలుపులు

"ఇకమీదట మన ప్రభుత్వంలో ఏ వృద్ధుడూ, ఏ వృద్ధురాలూ సమన్వయం లేకుండా ఒక్క పూట కూడా ఉండరు" అని మంత్రిగారు ప్రకటించగానే సభ చప్పట్లతో మారుమోగింది. ముందు వరుసల్లో కూర్చోబెట్టిన వృద్ధులు కూడా ఓపిక తెచ్చుకుని చప్పట్లు కొట్టారు. వాళ్లలో చాలామంది సమన్వయం అంటే కొత్తరకం పెన్షన్ అనుకున్నారని తరవాత తెలిసింది. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఆ ఉపన్యాసం రాసింది నేను, రాసిన నాకే ఆ మాట గురించి అంతకంటే ఎక్కువ తెలియదు.

ఆరోగ్యశాఖలో మంత్రిగారి ఉపన్యాసాలు రాయడం నా ఉద్యోగం. ఆ రోజు ఉపన్యాసంలో మందులు, మంచాలు, నర్సులు అనే మాటలు పొరపాటున కూడా రాకూడదని పీఏగారు ముందే హెచ్చరించారు. వాటి పేరెత్తితే అవి ఎక్కడున్నాయని విలేకర్లు అడుగుతారు. ఎక్కడుందని ఎవరూ అడగడానికి వీల్లేని వస్తువేదైనా ఇవ్వాలి. బుర్ర బద్దలు కొట్టుకుని చివరికి సమన్వయం పట్టుకొచ్చాను. దాన్ని ఉపన్యాసం పొడుగునా చల్లేశాను.

మంత్రిగారికి ఆ మాట తెగ నచ్చేసింది. వేదిక దిగుతూనే ఇదెవరు రాశారని అడిగారు. నా ఉద్యోగం ఊడిందనుకుని పీఏగారి వెనక దాక్కున్నాను. ఆయన నన్ను మెడ పట్టుకుని ముందుకి తోశారు. రాసినవాడికే తెలుస్తుంది కాబట్టి వీణ్ణే సమన్వయకర్తగా వేసేయమని మంత్రిగారు సెలవిచ్చారు. ఆయనలో నాకు నచ్చే గొప్ప గుణం అదే. ఎంత పెద్ద నిర్ణయమైనా కారెక్కేలోపు తీసేసుకుంటారు.

ఇంటికెళ్లి మా ఆవిడకి శుభవార్త చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నా కాళ్లకున్న రెండు మేజోళ్లూ రెండు రంగుల్లో ఉన్నాయని మాత్రం చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇంతకీ నా పని ఏమిటంటే, వృద్ధుల సంరక్షణాలయాల్లో ఉంటూ డయాలిసిస్ చేయించుకునేవాళ్ల బాగోగులు చూడటం. వాళ్ల బాగోగులు చూసేవాళ్లు రెండుచోట్లా ఉన్నారు కాబట్టి, ఆ చూసేవాళ్లని చూడటం. ఈ సంగతులు నాకు మా మేనత్త దగ్గర బోధపడ్డాయి. ఆవిడ టెలిఫోన్ ఎక్స్చేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. నన్ను పెంచింది, చదివించింది, నా పెళ్లి చేసింది. ఆవిడకి మూత్రపిండాలు పనిచెయ్యడం మానేశాయి. రోజు విడిచి రోజు మెషీన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. మా ఇంట్లోనే ఉండమని ఎంత బతిమాలినా వినకుండా తనే నాలుగు చోట్లు తిరిగి చూసుకుని ఒక హోమ్‌లో చేరింది. ఎందుకంత పట్టుదల అంటే, ఆ హోమ్ పెరటిగోడలో ఒక కంత ఉంది.

ఆ కంత సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. హోమ్‌కీ, పక్కనున్న డయాలిసిస్ సెంటర్‌కీ మధ్య ఒకే ఒక్క గోడ. ఎప్పుడో ఇటుకల లారీ వెనక్కి వస్తూ దాన్ని గుద్దేసింది. గోడలో ఓ ముక్క కూలిపోయింది. మా ప్రభుత్వం దాన్ని మళ్లీ కట్టలేదు. ఈ వృద్ధుల కోసం మా ప్రభుత్వం చేసిన మేళ్లలో నిస్సందేహంగా అదే పెద్దది. చక్రాల కుర్చీలు అందులోంచే అటూ ఇటూ తిరిగేవి. హోమ్ సిస్టరు కుర్చీ తోసుకుంటూ ఆ కంత దగ్గరికి వచ్చేది, డయాలిసిస్ సిస్టరు ఎదురొచ్చి కుర్చీ అందుకునేది. పొద్దున బీపీ మాత్ర వేశారా, నిన్నటినుంచి నీళ్లెన్ని తాగారు, కాళ్లు వాచాయా అని ఆవిడ అడిగేది, ఈవిడ చెప్పేది. తిరిగొచ్చేటప్పుడు ఇవాళ నీరసంగా ఉంది, సూదులు గుచ్చిన చేతికి బీపీ పట్టీ కట్టకండి, అన్నం దాచి ఉంచండి అని ఆవిడ చెప్పేది, ఈవిడ వినేది. చెప్పుకోవడం అయ్యాక వాళ్ల అత్తగార్ల గురించి కూడా కాస్త చెప్పుకునేవారు.

ఇంత అస్తవ్యస్తంగా, కనీసం ఒక కార్యాలయమైనా లేకుండా, మనుషులు బతికేస్తూ ఉండేవారు. మేం దాన్ని సరిచెయ్యడానికి నడుం కట్టాం.

ఊరూరా పెట్టే సమన్వయ కేంద్రాల్లో అత్తయ్య హోమ్ దగ్గరిది నాకు అప్పగించారు. కేంద్రం రెండు సంస్థలకీ సమాన దూరంలో ఉండాలని నిబంధన. పక్షపాతం చూపించామని ఎవరూ అనకూడదు. సర్వేయరుగారు వచ్చి హోమ్ గుమ్మం నుంచి డయాలిసిస్ గుమ్మం దాకా టేపు పరిచారు. సరిగ్గా సగం ఎక్కడా అని చూస్తే కంత. టేపు తీసేదాకా రెండు చక్రాల కుర్చీలు ఇటూ, ఒకటి అటూ ఆగి ఉన్నాయి. ఆ దృశ్యం చూసి, ఇక్కడ జనసంచారం బాగుంది, కార్యాలయానికి అనువైన చోటు అని నేనే స్వయంగా సిఫారసు రాశాను. దస్తూరి కూడా బాగా కుదిరింది.

వారం తిరక్కుండా రేకుల గది లేచింది. అప్పుడు తలుపు ఎటువైపు పెట్టాలనే సమస్య వచ్చింది. మావైపు ఉండాలని హోమ్ మేనేజరు, మావైపే ఉండాలని సెంటర్ మేనేజరు పట్టుబట్టారు. మంత్రిగారు ఒక్క క్షణం కళ్లు మూసుకుని, రెండువైపులా పెట్టమన్నారు. ఆ పరిష్కారానికి నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. రెండు తలుపులుంటే పేషెంట్లు ఇలా వచ్చి అలా వెళ్లిపోవచ్చు కదా అని హోమ్ సిస్టరు అడిగింది. ఇంజినీరుగారు ఓపిగ్గా వివరించారు, ఇది ప్రభుత్వ కార్యాలయమమ్మా, దారి కాదు అని. ఆ అపార్థం ఇంకెవరికీ కలగకుండా రెండో తలుపుకి అడ్డంగా ఇనుప బీరువా పెట్టించారు. బీరువా నిండా మంత్రిగారి బొమ్మ ఉన్న కరపత్రాలు. సమన్వయానికి సంబంధించిన వస్తువు ఆ గదిలో అదొక్కటే. నన్ను కూడా కలుపుకుంటే రెండు.

మరి పేషెంట్లు ఎలా వెళ్లాలి? దానికీ ఏర్పాటు జరిగింది. సమన్వయ రథం అని ఒక వ్యాను ఇచ్చారు. అది హోమ్ ముందు గేటులోంచి బయల్దేరి, మార్కెట్ చుట్టి, వన్‌వే కాబట్టి బస్టాండు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, రైల్వే గేటు పడితే అక్కడ కాసేపు ఆగి, డయాలిసిస్ సెంటర్‌కి చేరుతుంది. ఇన్నాళ్లూ గోడ దాటడమే తప్ప ఊరు చూడని వృద్ధులకి ఇదొక విహారయాత్ర అని నేను పత్రికలకి రాసిచ్చాను. మొదటి విహారయాత్రలో మా అత్తయ్యే ఉంది.

"ఎలా ఉంది అత్తయ్యా ప్రయాణం?" అని అడిగాను.

"బాగుందిరా. గోడ అవతలికి వెళ్లడానికి ఊరు ఇంత పెద్దదని నాకు తెలీదు" అంది.

ఇక మాటలు. ఇద్దరు సిస్టర్లూ ఇష్టమొచ్చినట్టు మాట్లాడేసుకుంటే సమన్వయానికి లెక్కాపత్రం ఉండదు. అందుకని వాళ్లు నేరుగా మాట్లాడుకోవడం నిషేధించి ఒక యాప్ పెట్టారు. ఇటు సిస్టరు చెప్పదలచుకున్నది నాకు పంపాలి. నేను చదివి, ఆమోదించి, అటు పంపాలి. ఎవరు ఏది పంపినా తక్షణం "మీ సందేశం అందింది. సమన్వయం జరుగుతోంది" అని నా పేరు మీద జవాబు వెళ్లిపోయే ఏర్పాటు కూడా ఉంది. ఆ వాక్యం నేనే రాశాను. నా రచనల్లో అత్యధికంగా చదవబడింది అదే.

నేను పనిలో మునిగిపోయాను. సమన్వయం మీద సమీక్షలు వారం పొడుగునా ఉండేవి. సమీక్షకి వెళ్లేవాళ్లు సెల్‌ఫోన్లు బయట ప్లాస్టిక్ బుట్టలో పెట్టి వెళ్లాలి, మంత్రిగారు మాట్లాడుతుంటే మోగకూడదు. సందేశాలు వచ్చేది ఆ ఫోన్‌కే. బుట్టలో నా ఫోన్ రోజంతా సమన్వయం చేస్తూ ఉండేది, లోపల నేను చేస్తూ ఉండేవాణ్ణి.

అలాంటి ఒక రోజు, మన కేంద్రాలు ఎంత వేగంగా స్పందిస్తున్నాయి అనే విషయం మీద పొద్దున్నుంచీ సమీక్ష జరుగుతోంది. డయాలిసిస్ డాక్టరుగారు ఆ పొద్దున్నే మా అత్తయ్య కాగితాలు చూసి, ఇకమీద మెషీన్ ఎక్కే రోజు పొద్దున బీపీ మాత్ర వెయ్యొద్దన్నారట. అక్కడి సిస్టరు వెంటనే యాప్‌లో పంపింది. సందేశం అందిందని, సమన్వయం జరుగుతోందని నేను వెంటనే జవాబిచ్చాను. అంటే ఫోన్ ఇచ్చింది. హోమ్ సిస్టరుకి ఏ కబురూ రాలేదు కాబట్టి రోజూలాగే మాత్ర వేసేసింది. మెషీన్ ఎక్కిన కాసేపటికి అత్తయ్యకి బీపీ పడిపోయింది. కళ్లు తేలేసిందట. తల దించి, కాళ్లు ఎత్తి, సెలైన్ ఎక్కించి గండం గట్టెక్కించారు. సమీక్షలో ఆ రోజు మా కేంద్రం స్పందనకి నూటికి నూరు మార్కులు వచ్చాయి.

సాయంత్రం వెళ్లి చూస్తే అత్తయ్య మంచం మీద చిన్నపిల్లలా ముడుచుకుని పడుకుని ఉంది. ఆ మొహంలో రక్తం చుక్క లేదు. ఏం మాట్లాడాలో తెలియక మార్కుల సంగతి చెప్పాను.

"ఒరేయ్, ఎక్స్చేంజీలో మా పని ఏమిటో తెలుసా?" అంది కళ్లు తెరవకుండానే. "ఇటు మనిషినీ అటు మనిషినీ కలపడం. కలిపాక మేం లైన్లోంచి తప్పుకోవాలి. మేం కూడా లైన్లో కూర్చుంటే వాళ్లకేం వినపడదు. నువ్వు కూర్చున్నావురా."

నేను రేపే పైవాళ్లతో మాట్లాడతానని చెప్పి లేచాను. మాట తప్పలేదు కూడా. మర్నాడే పీఏగారి దగ్గరికి వెళ్లి, బీరువా కాస్త జరిపి, వాళ్లనీ వాళ్లనీ మాట్లాడుకోనిస్తే ఎలా ఉంటుందని అడిగాను. ఆయన చాలా ఆప్యాయంగా నా భుజం మీద చెయ్యి వేశారు. సమన్వయకర్త నువ్వే అయ్యుండి సమన్వయం లేదంటే, పోయేది ఎవరి పరువో ఆలోచించుకోమన్నారు. ఆలోచించుకున్నాను. నాదే. బయటికి వచ్చేసరికి కేంద్రాలు పెట్టిన వంద రోజుల ఉత్సవం ఏర్పాట్ల బాధ్యత కూడా నా నెత్తిన పెట్టారు. అంత నమ్మకం ఉంచినందుకు నేను ధన్యవాదాలు కూడా చెప్పాను.

వంద రోజుల ఉత్సవానికి మంత్రిగారు మా కేంద్రాన్నే ఎంచుకున్నారు. ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు. రథం మీద మంత్రిగారి బొమ్మ పాతబడిందని వ్యానుని రంగులకి పంపాం. రంగు ఆరలేదు. దానివల్ల ఉత్సవానికి ముందు అత్తయ్యకి ఒక డయాలిసిస్ తప్పిపోయి, ఒంట్లో నీరు చేరింది. ఇంకో బండి పెట్టమని నేను ప్రతిపాదన పంపాను. నా సందేశం అందిందని జవాబు వచ్చింది.

ఉత్సవం నాడు రథం తళతళలాడుతూ హోమ్ గేటు దగ్గరికి వచ్చింది. అత్తయ్యని ఎక్కించారు. కానీ గేటు దాటలేదు. మంత్రిగారి కాన్వాయ్ కోసం పోలీసులు రోడ్డు మూసేశారు. సమన్వయాన్ని అభినందించడానికి వస్తున్న మంత్రిగారి కోసం సమన్వయ రథాన్ని ఆపేశారన్నమాట. డ్రైవరు దిగి వెళ్లి, లోపల పేషెంటు ఉందని చెప్పాడు. ఇన్‌స్పెక్టరుగారు రథం మీద బొమ్మకి సెల్యూట్ చేశారు గానీ దారివ్వలేదు.

నేను గదిలో కుర్చీలు సర్దుతున్నాను. కొత్త చొక్కా వేసుకున్నాను, మేజోళ్లు కూడా ఒకే రంగువి. హోమ్ సిస్టరు అత్తయ్యని వ్యానులోంచి దింపి, కుర్చీలో కూర్చోబెట్టి, తోసుకుంటూ తిన్నగా నా గుమ్మంలోకి వచ్చేసింది.

"బీరువా జరపండి సార్" అంది.

మంత్రిగారు వచ్చేస్తున్నారు, ఇంకాసేపట్లో రోడ్డు వదిలేస్తారు, అప్పుడు వ్యానులోనే దర్జాగా వెళ్లొచ్చు అని నేను మొదలుపెట్టాను.

"మీరు ఆవిడ ఊపిరి చూడండి సార్" అంది సిస్టరు.

చూశాను. అత్తయ్య కాళ్లు దిండ్లలా వాచిపోయి ఉన్నాయి. ఊపిరి కోసం భుజాలు ఎగరేస్తోంది. ఒక్కో మాటకి ఒక్కో ఊపిరి తీసుకుంటూ ఏదో చెప్పబోయి, కుదరక ఊరుకుంది. జీవితమంతా మాటలు కలిపిన మనిషికి మాట రావడం లేదు. పరువు, ఉత్సవం, పీఏగారి చెయ్యి, అన్నీ మర్చిపోయి బీరువాకి భుజం ఆనించాను. అది కదల్లేదు. కరపత్రాలు అంత బరువుంటాయని రాసేటప్పుడు తెలియలేదు. సిస్టరు కూడా చెయ్యి వేసింది. మా చప్పుడు విని అవతలనుంచి డయాలిసిస్ సిస్టరు తలుపు నెట్టింది. మేం ముగ్గురం ఒక్కసారి నెట్టేసరికి బీరువా కీచుమంటూ పక్కకి జరిగింది. తలుపు తెరుచుకుంది. ఇద్దరు సిస్టర్లూ వంద రోజుల తరవాత ఎదురుపడి, పలకరింపులు కూడా లేకుండా నీళ్లు, మాత్ర, కాళ్లవాపు గురించి గబగబా చెప్పేసుకున్నారు.

కుర్చీ ముందు చక్రాలు గడప దాటాయి. అప్పుడు మంత్రిగారు లోపలికి వచ్చారు. ఆయన వెనక పీఏగారు, ఆయన వెనక కెమెరాలు.

"ఏమిటిది?" అన్నారు మంత్రిగారు.

పీఏగారి మొహం పాలిపోయింది. నా నోట్లోంచి అనుకోకుండా, "సమన్వయమండి" అని వచ్చేసింది.

మంత్రిగారి కళ్లు మెరిశాయి. ఇన్నాళ్లుగా తాను మాట్లాడుతున్న వస్తువు ఇలా ఉంటుందని ఆయన మొదటిసారి చూస్తున్నారు. గబగబా వచ్చి కుర్చీ పిడి పట్టుకున్నారు. కెమెరాలు మెరిశాయి. ఫోటో తీసినతను తల అడ్డంగా ఊపి, సార్ మొహం పడలేదు, కుర్చీ వెనక్కి లాగి మళ్లీ ఒకసారి తొయ్యమన్నాడు. లాగారు. తోశారు. ఈసారి పేషెంటు నవ్వలేదన్నాడు. మళ్లీ లాగారు. అత్తయ్య నావైపు చూసింది. చిన్నప్పుడు నేను బడి ఎగ్గొట్టి దొరికిపోయినప్పుడు కూడా ఆవిడ అలా చూడలేదు. అప్పుడు కోపంగా చూసేది. ఇప్పుడు వీడేం చెయ్యలేడులే అన్నట్టు, జాలిగా చూసింది.

"సార్, ఈ పేషెంటు ఫోటోకి పనికిరాదు. మంచి పేషెంటుని తెస్తాను" అన్నాను.

కుర్చీని డయాలిసిస్ సిస్టరు చేతుల్లోకి ఒక్క తోపు తోశాను. ఆవిడ అందుకుని వెనక్కి చూడకుండా పరిగెత్తింది. నేను ఇటు తలుపులోంచి బయటికి వెళ్లి, వరండాలో ఖాళీగా ఉన్న చక్రాల కుర్చీలో కూర్చుని, పక్కనున్న మంచం మీది దుప్పటి లాక్కుని మెడదాకా కప్పుకున్నాను. కొత్త చొక్కా కనపడకుండా. హోమ్ సిస్టరు ఒక్కక్షణం తెల్లబోయి, ఆ తరవాత నన్ను లోపలికి తోసుకొచ్చింది.

మంత్రిగారు నన్ను గుర్తుపట్టలేదు. అదేం వింత కాదు, మామూలు రోజుల్లో కూడా పట్టరు. పీఏగారు గుర్తుపట్టారు గానీ, సమయస్ఫూర్తి గల మనిషి, దుప్పటి ఇంకాస్త పైకి లాగారు. "ఎలా ఉంది పెద్దాయనా?" అని మంత్రిగారు ఆప్యాయంగా అడిగారు. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. గోడ అవతల అత్తయ్యకి మెషీన్ తగిలించారో లేదో తెలియక నాకు కళ్లనీళ్లు వచ్చేశాయి. ఫోటోగ్రాఫరు, అబ్బ, ఈ పేషెంటు ఎంత సహజంగా ఉన్నాడు అని మెచ్చుకున్నాడు. నన్ను గడప మీంచి అటు తోశారు, ఇటు లాగారు, అందరి కెమెరాలకీ తృప్తి కలిగేదాకా సమన్వయం చేశారు. ఈ ఉద్యోగంలో నేను స్వయంగా పనికొచ్చింది ఆ కాసేపే.

తరవాత మంత్రిగారు ఉపన్యాసం మొదలుపెడుతూ, ఇంతటి మహత్కార్యం చేసిన మన సమన్వయకర్త ఏడీ అని అడిగారు. అందరూ అటూ ఇటూ చూశారు. నేను కూడా దుప్పట్లోంచి చూశాను.

మర్నాడు అన్ని పత్రికల్లోనూ మొదటి పేజీలో నా ఫోటో. "మంత్రి చొరవతో వృద్ధుడికి పునర్జన్మ." మా ఆవిడ ఆ ఫోటోని చాలాసేపు చూసి, ఇన్నాళ్లకి మీరు ఉన్నట్టు పడ్డారు అంది. అప్పటికి అత్తయ్య మెషీన్ దిగి, వాపు తీసి, మంచం మీద లేచి కూర్చుని ఉంది. పత్రిక చూసి ఊపిరాడనంతగా నవ్వింది. ఈసారి ఊపిరాడకపోవడానికి ఒంట్లో నీరు కారణం కాదు కాబట్టి సిస్టరు ఏమీ అనలేదు.

అదే రోజు నాకు మెమో వచ్చింది. మంత్రిగారి పర్యటన సమయంలో సమన్వయకర్త విధుల్లో లేకపోవడానికి కారణం చెప్పాలి. నేను విధుల్లోనే ఉన్నానని నిరూపించుకోవచ్చు, రుజువు అన్ని పత్రికల్లోనూ ఉంది. కానీ ఆ రుజువు చూపిస్తే పునర్జన్మ అబద్ధమైపోతుంది. మంత్రిగారి పరువు కాపాడటం నా ధర్మం అని చెప్పాలని ఉంది గానీ, నిజానికి భయం. ఆ సమయంలో కడుపునొప్పితో ఉన్నానని రాసిచ్చాను. నన్ను సస్పెండ్ చేశారు.

తాళంచెవులు అప్పగించమన్నారు. ఎవరికో చెప్పలేదు. పైవాళ్లని అడుగుదామంటే సస్పెండైనవాడు పైవాళ్లని అడక్కూడదు. అందుకని ఇటు తలుపు తాళంచెవి హోమ్ సిస్టరుకి, అటు తలుపుది డయాలిసిస్ సిస్టరుకి ఇచ్చి చేతులు దులుపుకున్నాను. నా టేబుల్ మాత్రం గోడవారకి జరిపాను, కుర్చీ చక్రాలు తగులుతాయని.

ఆ తరవాత ఆ కేంద్రం గురించి ఎక్కడా ఒక్క ఫిర్యాదు రాలేదు. ఒక్క సందేశం కూడా రాలేదు. పేషెంట్లు నా గదిలోంచి పొద్దున అటు వెళ్లేవారు, మధ్యాహ్నానికి ఇటు వచ్చేవారు. సిస్టర్లు నా టేబుల్‌కి ఆనుకుని నిలబడి మాత్రలూ నీళ్లూ అన్నాలూ మాట్లాడుకుని, వాళ్ల అత్తగార్ల దగ్గరికి వచ్చేసరికి నా కుర్చీలు లాక్కుని కూర్చునేవారు. వ్యాను డ్రైవరు నీడలో నిద్రపోయేవాడు. అత్తయ్య రోజురోజుకీ తేరుకుంటోంది. నేను సాయంత్రాలు వెళ్లి, సస్పెండైన మనిషికి తగ్గ దిగులు మొహంతో ఆవిడ పక్కన కూర్చుని, లోలోపల సంతోషంగా ఉండేవాణ్ణి.

ఎంతోకాలం అలా సాగలేదు. మూడునెలలకోసారి జరిగే సమీక్షలో మంత్రిగారి దృష్టి లెక్కల మీద పడింది. మొత్తం కేంద్రాలన్నింటిలో ఒక్క ఫిర్యాదు కూడా లేనిది మాదొక్కటే. అక్కడ సమన్వయకర్త ఎవరని అడిగారు. నా పేరు చెప్పారు. అంత సమర్థుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టడమేమిటని మంత్రిగారు పీఏగారి మీద కోప్పడ్డారట. సస్పెన్షన్ రద్దు చేశారు. ఉత్తమ సమన్వయకర్త అని శాలువా కప్పారు. నన్ను ఆ గదిలోనే, ఆ సీట్లోనే, పూర్తికాలం కూర్చోమని ఆదేశించారు. పైగా ఏసీ మంజూరు చేశారు.

ఏసీ బిగించడానికి ఇంజినీరుగారు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. నేను నా సీట్లో కూర్చున్నాను. రెండు తలుపులుంటే చల్లదనం నిలవదు సార్, వెనకవైపుది మూసేసి రేకు కొట్టేస్తాం, బీరువా యథాస్థానంలో పెట్టేస్తాం అన్నారు. సరిగ్గా అప్పుడే డయాలిసిస్ అయ్యి అత్తయ్య కుర్చీ అటువైపు నుంచి వస్తోంది. ఆయన మాటలు ఆవిడకి వినపడ్డాయి. వెనకాల ఇంకో రెండు కుర్చీలు కూడా ఉన్నాయి.

అత్తయ్య గడప మీదికి వచ్చాక సిస్టరుని ఆగమంది. అటు సగం, ఇటు సగం. చెయ్యి కిందికి పోనిచ్చి కుర్చీకి బ్రేకు వేసింది. కట్టు ఉన్న చేతిని ఒళ్లో జాగ్రత్తగా పెట్టుకుని, ఎవరికో కాల్ కలపబోతున్నట్టు స్థిమితంగా కూర్చుంది.

ఇంజినీరుగారు పక్కకి జరగమని బతిమాలారు. ఆవిడ వినిపించుకోలేదు. రేకు పట్టుకున్న మనుషులకి చేతులు నొప్పిపుట్టి దాన్ని కింద దించారు. చివరికి ఇంజినీరుగారు నావైపు తిరిగి, "సార్, మీరు సమన్వయకర్త. ఆవిడకి మీరు చెప్పండి" అన్నారు.

అత్తయ్య కూడా నావైపు చూసింది. ఈసారి జాలిగా కాదు.

నేను కుర్చీలోంచి లేచాను. శాలువా సర్దుకున్నాను.

"మీ సందేశం అందింది. సమన్వయం జరుగుతోంది" అని ఇంజినీరుగారికి చెప్పి, మళ్లీ కూర్చున్నాను.